కంపెనీలో కొత్తదనాన్ని కొలిచేదెలా? సూరత్ నేర్పే లెక్క

సూరత్‌లోని వరాఛా, కతార్‌గామ్ ప్రాంతాల్లో ఏ వీధిలోకి వెళ్లినా వజ్రాలకు సానపట్టే కార్ఖానాలు కనిపిస్తాయి. ప్రపంచంలో సానపట్టే వజ్రాలను సంఖ్యలో లెక్కిస్తే, పదింటిలో తొమ్మిది భారత్‌లోనే తయారవుతాయి. వాటిలో అత్యధికం ఈ ఒక్క నగరం నుంచే వస్తాయి. అలాంటి నగరంలో 2024 ఆగస్టులో ఒక పెద్ద వజ్రాల సంస్థ సుమారు 50 వేల మంది ఉద్యోగులకు పది రోజుల సెలవు ప్రకటించింది. అమెరికా, చైనాల్లో గిరాకీ తగ్గింది. ప్రయోగశాలలో పెంచిన వజ్రాల ధరలు పడిపోయాయి. సాన చక్రం ముందు కూర్చునే కార్మికుడికి మాత్రం రేపు పని ఉంటుందా అన్నదే ప్రశ్న.

మార్కెట్ మారినప్పుడు కొన్ని సంస్థలు కొత్త దారి వెతుక్కుంటాయి. కొన్ని అక్కడే ఆగిపోతాయి. ఏది ఏ కోవకు చెందుతుందో ముందే తెలుసుకోవచ్చా? దాదాపు ప్రతి కంపెనీ వెబ్‌సైట్‌లోనూ ‘ఇన్నోవేషన్’ అన్న మాట ఉంటుంది. తెలుగులో దీన్ని నవకల్పన అంటున్నారు. ఆ మాట వెనుక అసలు పని ఎంత ఉందో తేల్చడానికి ఆర్థికవేత్తలు, శాస్త్రవేత్తలు కొన్ని కొలమానాలు తయారు చేశారు. ఒక్కో కొలమానం ఒక్కో సంగతి చెబుతుంది, ఒక్కో సంగతి దాచిపెడుతుంది. వాటిని సూరత్ కార్ఖానాల మీద పెట్టి చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది.

కొత్త ఆలోచన ఒక్కటే చాలదు

దేన్ని నవకల్పన అనాలన్న విషయంలో ప్రపంచ దేశాలు ఎక్కువగా ఆధారపడే పుస్తకం ఓస్లో మాన్యువల్. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) దీన్ని మొదట 1992లో వెలువరించింది. నాలుగో ముద్రణ 2018లో వచ్చింది. దాని ప్రకారం నవకల్పనకు రెండు షరతులున్నాయి. ఒకటి, సంస్థ అంతకుముందు చేసిన సరుకు కన్నా, పాటించిన పద్ధతి కన్నా ఇది చెప్పుకోదగినంత భిన్నంగా ఉండాలి. రెండు, అది ఆచరణలోకి రావాలి. సరుకైతే వాడేవారికి అందుబాటులోకి రావాలి, పద్ధతైతే సంస్థలో అమలు కావాలి.

రెండో షరతు చాలా ముఖ్యం. ప్రయోగశాలలో విజయవంతమై అలమారాలో ఉండిపోయిన నమూనా ఆవిష్కరణ కావచ్చు, నవకల్పన మాత్రం కాదు. పేటెంట్ పత్రం ఒక్కటే ఉన్నా అంతే. మరోవైపు, కొత్తదనం ప్రపంచానికే కొత్తది కానక్కర్లేదు, ఆ సంస్థకు కొత్తదైతే చాలు. అందువల్ల చిన్న మగ్గాల షెడ్డు కూడా ఈ లెక్కలోకి వస్తుంది.

వజ్రం కోత నుంచి గుండె స్టెంట్ దాకా

ముడి వజ్రాన్ని రెండుగా కోయడానికి ఒకప్పుడు ఫాస్ఫర్ బ్రాంజ్‌తో చేసిన పలుచని చక్రం వాడేవారు. దాని అంచుకు నూనెలో కలిపిన వజ్రపు పొడి పూసి తిప్పేవారు. ఒక్క రాయికి గంటలు, కొన్నిసార్లు రోజులు పట్టేది. వజ్రంలో కార్బన్ పరమాణువుల అమరిక వల్ల కొన్ని దిశల్లోనే ఈ చక్రం తెగుతుంది, మిగతా దిశల్లో అడుగు ముందుకు పడదు.

లేజర్ ఈ ఇబ్బందిని తొలగించింది. పారదర్శకమైన వజ్రం గుండా మామూలుగా కాంతి దాటిపోతుంది. కానీ తీక్షణమైన లేజర్ పుంజం ఒక బిందువు మీద పడితే అక్కడి వజ్రం గ్రాఫైట్‌గా మారుతుంది. నల్లని గ్రాఫైట్ కాంతిని పీల్చుకుని ఆవిరైపోతుంది. ఆ కింది పొర మళ్లీ గ్రాఫైట్ అవుతుంది. ఇలా పొర వెంట పొర కోత సాగుతుంది. పరమాణువుల అమరిక ఏ దిశలో ఉన్నా లేజర్‌కు పట్టింపు లేదు. అయితే కోతలో కొంత వజ్రం ఆవిరైపోవడం నష్టమే. తరంగదైర్ఘ్యం తక్కువైన ఆకుపచ్చ లేజర్ వాడితే కాంతిని మరింత చిన్న బిందువు మీద కేంద్రీకరించవచ్చు. కోత సన్నబడుతుంది, బరువు నష్టం తగ్గుతుంది.

వజ్రాల పరిశ్రమకు లేజర్ యంత్రాలు తయారు చేసిన సూరత్ సంస్థల్లో సహజానంద్ టెక్నాలజీస్ ఒకటి. దాని వ్యవస్థాపకుడు ధీరజ్‌లాల్ కోటడియా తరవాత సహజానంద్ మెడికల్ టెక్నాలజీస్ అనే మరో సంస్థ పెట్టారు. అది తయారు చేసేది గుండె రక్తనాళాల్లో అమర్చే స్టెంట్లు. వజ్రానికీ గుండెకూ ఏమిటి సంబంధం అనిపిస్తుంది. సంబంధం కోతలో ఉంది. సన్నని లోహపు గొట్టాన్ని లేజర్‌తో జాలీలా కోసి, అంచులు నునుపు చేసి, మందు కలిపిన పలుచని పూత పూస్తే స్టెంట్ తయారవుతుంది. మైక్రాన్లలో కోయగల నైపుణ్యం రెండు చోట్లా అవసరమే.

సంస్థ తొలి స్టెంట్లు స్టెయిన్‌లెస్ స్టీలువి. తరవాతి తరాల్లో కోబాల్ట్-క్రోమియం మిశ్రమానికి మారింది. ‘సుప్రాఫ్లెక్స్’ అనే స్టెంట్‌లో జాలీ కడ్డీల మందం 60 మైక్రాన్లు, అంటే ఇంచుమించు తల వెంట్రుకంత. కడ్డీ పలుచనైతే రక్త ప్రవాహానికి అడ్డు తగ్గుతుంది, దానిమీద నాళపు లోపలి పొర త్వరగా కప్పుకుంటుంది. కానీ మరీ పలుచనైతే నాళాన్ని తెరిచి ఉంచే బలం తగ్గుతుంది. స్టీలు కన్నా బలమైన మిశ్రమం వల్ల ఈ రెండింటికీ పొత్తు కుదిరింది. ఇదే సంస్థకు సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్ మెడికల్ డివైసెస్ పార్కులోనూ కర్మాగారం ఉంది.

తెలుగువారికి స్టెంట్ కథ కొత్త కాదు. 1990ల్లోనే ఎ.పి.జె. అబ్దుల్ కలాం, హైదరాబాద్ హృద్రోగ నిపుణుడు బి. సోమరాజు కలిసి తక్కువ ధరకు దొరికే కలాం-రాజు స్టెంట్‌ను రూపొందించారు. స్టెంట్ల రంగం ఆ తరవాత మామూలు లోహం నుంచి మందు పూతకు, మందపాటి కడ్డీల నుంచి పలుచని కడ్డీలకు మారుతూ వచ్చింది. తొలి పరికరం తయారు చేయడం ఒక ఘనత. దాని తరవాత రెండో తరాన్ని, మూడో తరాన్ని తెస్తూ ఉండటం ఇంకో రకం సామర్థ్యం. సంస్థను అంచనా వేసేటప్పుడు చూడవలసింది ఈ రెండోదాన్నే.

ఖర్చు చెప్పేది, చెప్పనిది

అందరూ మొదట చూసే అంకె, అమ్మకాల్లో పరిశోధన, అభివృద్ధి మీద పెట్టే ఖర్చు ఎంత శాతం అన్నది. వార్షిక నివేదికలో దొరుకుతుంది కాబట్టి పోల్చడం సులువు. దేశం మొత్తంగా చూస్తే 2020-21లో ఈ ఖర్చు స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతమే. అందులో ప్రైవేటు పరిశ్రమల వాటా మూడో వంతుకు కాస్త ఎక్కువ.

ఏది పరిశోధన కిందికి వస్తుందన్న దానికీ ఒక ప్రమాణం ఉంది. 1963లో మొదలైన ఫ్రస్కాటీ మాన్యువల్ ఐదు లక్షణాలు అడుగుతుంది. పని కొత్తది కావాలి. సృజనాత్మకంగా ఉండాలి. ఫలితం ముందే తెలియనిదై ఉండాలి. క్రమపద్ధతిలో సాగాలి. ఇతరులు తిరిగి చేసి చూడగలిగేలా ఉండాలి. ఈ జల్లెడ పడితే రోజువారీ నాణ్యత పరీక్షలు, కొత్త రంగు డబ్బాలు జారిపోతాయి. మన దేశంలో శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన విభాగం (డీఎస్ఐఆర్) కంపెనీల సొంత పరిశోధన కేంద్రాలను పరిశీలించి గుర్తింపు ఇస్తుంది.

అయినా ఖర్చు అనేది పొయ్యిలో పెట్టిన కట్టెల లెక్క మాత్రమే, అన్నం ఉడికిందా లేదా చెప్పదు. పైగా చిన్న సంస్థల్లో పరిశోధన ఖర్చు అంటూ విడిగా ఒక పద్దే ఉండదు. యాదాద్రి భువనగిరి జిల్లా ఆలేరుకు చెందిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి పడే శ్రమ చూడలేక ఆసు పోసే యంత్రం తయారు చేశారు. పోచంపల్లి తరహా చీరలు నేసే ఎన్నో కుటుంబాల భుజాల నొప్పి తగ్గించిన ఆ పనికి 2017లో పద్మశ్రీ వచ్చింది. పరిశోధన బడ్జెట్‌నే కొలమానంగా పెట్టుకుంటే ఇలాంటి నవకల్పన లెక్కకే రాదు.

పేటెంట్ల సంఖ్య కన్నా వాటి వాడకం

రెండో అంకె పేటెంట్లు. వందల పేటెంట్లున్నాయని చెప్పుకోవడం కంపెనీలకు ఇష్టం. కానీ అన్ని పేటెంట్లకూ ఒకే విలువ ఉండదు. విలువ పసిగట్టడానికి మూడు ప్రశ్నలున్నాయి.

మొదటిది, ఇతరుల తరవాతి పేటెంట్లు దీన్ని ఎన్నిసార్లు ఉదహరించాయి? రెండోది, సంస్థ దీన్ని ఎన్నాళ్లు బతికించుకుంది? భారత్‌లో పేటెంట్ గడువు 20 ఏళ్లు. కానీ మూడో సంవత్సరం నుంచి ఏటా రుసుము కట్టాలి, పోనుపోను ఆ రుసుము పెరుగుతుంది. పనికిరాని పేటెంట్‌ను యజమానే మధ్యలో వదిలేస్తాడు. మూడోది, దీన్ని నిజంగా వాడుతున్నారా? ఇందుకు మన చట్టంలో మంచి ఏర్పాటు ఉంది. పేటెంట్ పొందినవారు దాన్ని దేశంలో వాణిజ్యపరంగా వినియోగిస్తున్నారో లేదో ఫారం 27లో తెలపాలి. 2024 నిబంధనల సవరణకు ముందు ఇది ఏటా ఇవ్వవలసి ఉండేది, ఇప్పుడు మూడు ఆర్థిక సంవత్సరాలకు ఒకసారి.

ఇంకో సంగతి కూడా ఉంది. వజ్రపు కోతలో చేతి ఒడుపు, యంత్రం సర్దుబాటులో చిన్న చిన్న చిట్కాలు పేటెంట్‌గా నమోదు కావు. వాటిని వ్యాపార రహస్యాలుగా దాచుకునే సంస్థకు పేటెంట్లు తక్కువగా ఉండవచ్చు. అంతమాత్రాన అక్కడ కొత్తదనం లేదనుకోకూడదు.

కొత్త సరుకు నుంచి ఎంత ఆదాయం?

మూడో అంకె ఫలితానికి దగ్గరగా ఉంటుంది. ఇటీవలి సంవత్సరాల్లో ప్రవేశపెట్టిన ఉత్పత్తుల నుంచి ఎంత ఆదాయం వస్తోంది? దీన్ని ప్రసిద్ధం చేసింది అమెరికా సంస్థ త్రీఎం. గత నాలుగేళ్లలో తెచ్చిన ఉత్పత్తుల నుంచే 30 శాతం అమ్మకాలు రావాలని 1990ల్లో అది లక్ష్యం పెట్టుకుంది. అదే సంస్థలో సాంకేతిక సిబ్బంది తమ సమయంలో 15 శాతం దాకా సొంత ఆలోచనల మీద గడపవచ్చన్న సంప్రదాయం చాలా కాలంగా ఉంది.

ఈ అంకెలో మోసం ఎక్కడ దాగుతుందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. వజ్రాల యంత్రాలు చేసే రెండు సంస్థలున్నాయనుకుందాం. రెండింటి అమ్మకాలూ ఏడాదికి 100 కోట్లు. మొదటిది పరిశోధన మీద 8 కోట్లు ఖర్చు పెట్టి, పాత యంత్రానికే కొత్త తెర, కొత్త పేరు తగిలించి, ‘కొత్త ఉత్పత్తుల’ ఆదాయం 40 కోట్లని చూపింది. రెండోది 4 కోట్లు ఖర్చు పెట్టి కోతలో బరువు నష్టాన్ని తగ్గించే యంత్రం తెచ్చింది. ఆదాయం 15 కోట్లే. అంకెలు చూస్తే మొదటిదే ముందుంది. కానీ కొనేవాడికి తేడా ఎంత మిగిలిందని అడిగితే లెక్క తిరగబడుతుంది. అందుకే ఈ శాతాన్ని ఎప్పుడూ ఒంటరిగా చదవకూడదు. కొత్తది అన్న మాటకు ఆ సంస్థ ఇచ్చుకున్న నిర్వచనం ఏమిటో పక్కనే చూడాలి.

తప్పు చెప్పుకునే ధైర్యం

ఇప్పటిదాకా చూసినవన్నీ కాగితం మీద దొరికే అంకెలు. సంస్థ కొత్తదనానికి చోటిస్తుందా అన్నది మాత్రం కార్ఖానా లోపలే తెలుస్తుంది. జపాన్‌కు చెందిన టయోటా 1951లోనే కార్మికుల నుంచి సూచనలు తీసుకునే పద్ధతి పెట్టింది. ఇలాంటి చోట సూచనల సంఖ్య కన్నా మూడు విషయాలు ముఖ్యం. వాటిలో ఎన్ని అమలయ్యాయి, జవాబు రావడానికి ఎన్ని రోజులు పట్టింది, కాదన్నప్పుడు కారణం చెప్పారా లేదా. జవాబు రాని సూచనల పెట్టెలో రెండోసారి ఎవరూ చీటీ వేయరు.

ఇక్కడ అమెరికా పరిశోధకురాలు ఏమీ ఎడ్మండ్‌సన్ 1996లో వెలువరించిన అధ్యయనం ఆలోచింపజేస్తుంది. ఆస్పత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను ఆమె పరిశీలించారు. మంచి నాయకత్వం, కలిసికట్టుతనం ఉన్న బృందాల్లో తప్పులు తక్కువ ఉంటాయని అనుకున్నారు. లెక్క చూస్తే అక్కడే ఎక్కువ తప్పులు నమోదయ్యాయి. కారణం, ఆ బృందాలు తప్పులు ఎక్కువ చేయడం కాదు, భయం లేకుండా బయటికి చెప్పడం. భయపడే చోట తప్పులు దాగిపోతాయి.

దీన్ని సూరత్‌లోని లేజర్ బల్ల దగ్గరికి తెస్తే అర్థం స్పష్టం. కోతలో రాయి పగిలితే జీతంలో కోత పడుతుందనుకునే కార్మికుడు కొత్త కోణం ప్రయత్నించడు. పగిలిన రాయిని అందరి ముందు పెట్టి ఎందుకు పగిలిందో చర్చించే చోట, తరవాతి వంద రాళ్లు బాగుపడే అవకాశం ఉంటుంది. కాబట్టి ‘మా దగ్గర ఒక్క వైఫల్యమూ లేదు’ అనే సంస్థను కాస్త అనుమానంగానే చూడాలి.

బయటివారి పరీక్ష

సంస్థ తన గురించి తాను చెప్పుకునేది ఎంతైనా, బయటి పరీక్షకు నిలిచిందా అన్నదే గట్టి ఆధారం. సుప్రాఫ్లెక్స్ స్టెంట్ అలాంటి పరీక్షకు వెళ్లింది. టాలెంట్ అని పిలిచే ఆ ప్రయోగంలో ఏడు యూరప్ దేశాల్లోని 23 కేంద్రాల్లో 1,435 మంది రోగులు పాల్గొన్నారు. కొందరికి సుప్రాఫ్లెక్స్, కొందరికి అప్పటికే ప్రపంచమంతా విస్తృతంగా వాడుతున్న జైయెన్స్ స్టెంట్ అమర్చారు. ఎవరికి ఏది అన్నది చీటీ తీసినట్టు యాదృచ్ఛికంగా నిర్ణయించారు. ఫలితాలు 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి.

ఈ పరీక్ష అడిగిన ప్రశ్న ‘కొత్తది మెరుగా?’ అని కాదు, ‘కొత్తది పాతదానికన్నా ఒప్పుకోలేనంత తీసికట్టుగా లేదు కదా?’ అని. ఒప్పుకోదగిన తేడా 4 శాతం పాయింట్లని ముందే గిరి గీసుకున్నారు. గుండె సంబంధ మరణం, స్టెంట్ వేసిన నాళం వల్ల గుండెపోటు, అదే చోట మళ్లీ చికిత్స అవసరం కావడం, ఈ మూడింటిలో ఏదో ఒకటి ఏడాదిలోగా జరిగినవారు సుప్రాఫ్లెక్స్ వర్గంలో 4.9 శాతం, జైయెన్స్ వర్గంలో 5.3 శాతం. అంటే గిరి లోపలే ఉంది. ఈ తేడాను బట్టి సూరత్ స్టెంటే గొప్పదని అనడానికి వీల్లేదు, అంతర్జాతీయ ప్రమాణానికి తీసిపోదని మాత్రం చెప్పవచ్చు. నిజాయతీగా చదివితే అంతే వస్తుంది, అది చిన్న విషయమూ కాదు.

ఇందులో మామూలు మనిషి ప్రయోజనం కూడా ముడిపడి ఉంది. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల నిర్ణాయక సంస్థ మందు పూత స్టెంట్ల గరిష్ఠ ధరను 29,600 రూపాయలుగా, పూత లేనివాటి ధరను 7,260 రూపాయలుగా నిర్ణయించింది. అంతకుముందు మందు పూత స్టెంట్‌కు లక్ష రూపాయలు దాటిన బిల్లులు సాధారణం. ధరకు పైకప్పు పడ్డాక, ఆ లోపల నాణ్యతతోనూ తయారీ నైపుణ్యంతోనూ నెగ్గుకు రావలసిన అవసరం పెరిగింది. రోగికి తెలియవలసింది కూడా స్టెంట్ ఏ దేశానిదని కాదు, దానికి ఏ పరీక్ష ఫలితాలు ఉన్నాయన్నదే.

మగ్గాల షెడ్డులో లెక్క వేరు

సూరత్ అంటే వజ్రాలే కాదు, పాలిస్టర్ చీరలు కూడా. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు లింబాయత్ వంటి ప్రాంతాల్లో తరాలుగా స్థిరపడ్డాయి. చాలామంది మరమగ్గాల మీదే బతుకుతున్నారు. ఇక్కడ పేటెంట్లు, ప్రయోగశాలలు వెతికితే ఏమీ దొరకదు. కానీ నాడె మగ్గం స్థానంలో వాటర్‌జెట్ మగ్గం వస్తే అది ఆ షెడ్డుకు నవకల్పనే. నాడె మగ్గం నిమిషానికి వంద, నూటయాభై పేక పోగులు వేస్తే, సన్నని నీటి ధారతో పోగును విసిరే వాటర్‌జెట్ ఐదారు వందలు, అంతకన్నా ఎక్కువే వేస్తుంది. నీళ్లు పీల్చుకోని పాలిస్టర్, నైలాన్ వంటి దారాలకే ఇది పనికొస్తుంది. పత్తికి పనికిరాదు. సూరత్ సింథటిక్ బట్టల నగరం కాబట్టి ఈ యంత్రం అక్కడ అతికింది.

అయితే యంత్రం కొనడం సగం పనే. దాన్ని నడిపే మనిషికి శిక్షణ ఇచ్చారా, వాడిన నీటిని శుద్ధి చేసి తిరిగి వాడుతున్నారా, మిగులులో కొంత భాగమైనా కార్మికుడికి చేరిందా అన్నవి మిగతా సగం. కేంద్ర శాస్త్ర, సాంకేతిక విభాగం, ఐక్యరాజ్యసమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థ కలిసి జరిపిన 2021-22 జాతీయ తయారీ రంగ నవకల్పన సర్వే ఎనిమిది వేలకు పైగా సంస్థలను పరిశీలించింది. వాటిలో నవకల్పన చేసినవి నాలుగో వంతు మాత్రమే అని తేలింది. అలా చేసినవాటిలో 80 శాతానికి పైగా సంస్థలు మార్కెట్ పెరగడం, ఖర్చు తగ్గడం వంటి మేలు పొందాయి. నవకల్పన చేసిన సంస్థల వాటాలో 46.18 శాతంతో తెలంగాణ మొదటి స్థానంలో ఉంది. రాష్ట్రాల మొత్తం సూచికలో మాత్రం కర్ణాటక ముందుంది. ఒకే సర్వేలోనే ఏ కొలబద్ద పెట్టామన్నదాన్ని బట్టి మొదటి స్థానం మారిందన్నది గమనించదగిన విషయం.

ప్రమాణపత్రం, దాని పరిమితి

ఇన్ని అంకెలను ఒక చట్రంలోకి తెచ్చే ప్రయత్నం అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ చేసింది. 2019లో వచ్చిన ఐఎస్ఓ 56002 నవకల్పనను ఎలా నడపాలో మార్గదర్శకాలు ఇస్తుంది. అదే ఏడాది వచ్చిన 56004 దాన్ని ఎలా మదింపు చేయాలో చెబుతుంది. 2024లో వచ్చిన 56001 ధ్రువీకరణ పొందడానికి తీర్చవలసిన షరతులను నిర్దేశిస్తుంది. యాజమాన్యం నిబద్ధత, వనరులు, ఆలోచనలను ఎంచుకునే పద్ధతి, ఫలితాల సమీక్ష వంటివి ఇందులో ఉంటాయి. అయితే ప్రమాణపత్రం వ్యవస్థ ఉందనే చెబుతుంది. ఆ వ్యవస్థలోంచి మంచి సరుకు వస్తుందని హామీ ఇవ్వదు.

బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో చేసిన పరిశీలన ఇక్కడ గుర్తుంచుకోవాలి. సారాంశంలో చెప్పాలంటే, కొలమానమే లక్ష్యమైతే అది మంచి కొలమానంగా ఉండటం మానేస్తుంది. పేటెంట్లకు బహుమతి ఇస్తే పేటెంట్లు పెరుగుతాయి. సూచనలకు బహుమతి ఇస్తే చీటీలు పెరుగుతాయి. కొత్తదనం పెరగకపోవచ్చు. అందుకే నిపుణులు ఏ ఒక్క అంకె మీదా ఆధారపడరు. పెట్టిన వనరులు, లోపలి పని తీరు, బయటికి వచ్చిన సరుకు, వాడేవారికి దక్కిన మేలు, ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి, ఒకే ఏడాది కాకుండా నాలుగైదేళ్ల వరసను చూస్తారు.

ఉద్యోగంలో చేరబోయే యువకుడు, వాటాలు కొనే మదుపరి, రుణం ఇచ్చే బ్యాంకు అధికారి, ఎవరైనా ఒక సంస్థను ఐదు ప్రశ్నలు అడగవచ్చు. గత ఐదేళ్లలో మీరు వాడకంలోకి తెచ్చిన కొత్త సరుకు గానీ పద్ధతి గానీ ఏమిటి? దాని వల్ల కొనేవారికి ఏం కలిసొచ్చింది? మొదలుపెట్టి మధ్యలో ఆపేసిన ప్రయత్నం ఏది, దాని నుంచి ఏం నేర్చుకున్నారు? కార్మికుడు చెప్పిన మాటతో మారిన పని ఏదైనా ఉందా? మీ మాటను బయటివారు ఎవరు పరీక్షించారు?

వజ్రం కోసే లేజర్ నైపుణ్యం ఒకనాడు గుండె స్టెంట్‌కు పనికొచ్చింది. 2024లో సెలవు మీద ఇంటికి పంపిన వేలాది చేతుల్లోనూ ఏళ్ల తరబడి సాధించిన నైపుణ్యం ఉంది. దాన్ని ఇంకే పనికి మళ్లించవచ్చో ముందుగా ఆలోచించిన సంస్థ ఏదో ఈ ఐదు ప్రశ్నలకు వచ్చే జవాబుల్లో చాలావరకు బయటపడుతుంది.